ఆగితే ఆగిపోయే కారు

తుఫాను వచ్చిన మరుసటి వేసవిలో మా ఇంట్లో నా ఉద్యోగం కారు యాక్సిలరేటరు తొక్కడం. మా ఆయన బానెట్ ఎత్తి, నడుం దాకా ఇంజన్‌లోకి వంగి, "తొక్కు" అని కేకేస్తే తొక్కాలి. "వదులు" అంటే వదలాలి. డ్రైవరు సీటులోంచి వంటింటి కిటికీ కనిపించేది. పొయ్యి మీద ఎసరు పొంగిపోతోందేమోనని మెడ చాచి చూసుకుంటూ ఆ పని చేసేదాన్ని. మధ్యలో లేస్తే ఆయనకి కోపం. కూర్చుంటే, అన్నం మాడిందని మా అత్తగారికి కోపం. నాకు కోపం వచ్చే వేళే లేదు.

మా ఆయన పేరు నాగబాబు. కొత్తపేటకి దగ్గర్లో, కాలవ అవతల, మాకు ఎకరన్నర కొబ్బరితోట ఉండేది. తొంభై ఆరులో దీపావళి ముందు వచ్చిన తుఫానుకి అది నేల మీద పడుకుంది. పడకుండా నిలబడ్డ చెట్లకి మొవ్వులు విరిగిపోయాయి. కొబ్బరి మొక్క ఇవాళ పాతితే రేపు కాయదు. ఆ మధ్య ఏళ్ళు ఏం తిని బతకాలా అని మేం మొహాలు చూసుకుంటున్నప్పుడు మా తమ్ముడు వీరవెంకటరమణ వచ్చాడు. వాడికి రావులపాలెంలో హైవే పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. కాకినాడలో ఒక డాక్టరుగారు పాత అంబాసిడర్ కారు అమ్మేస్తున్నారని, తనే ఇంజన్ విప్పి బాగు చేసిస్తానని, పెళ్ళిళ్ళకి తిప్పుకుంటే ఇల్లు గడిచిపోతుందని చెప్పాడు. అన్నట్టే నెల రోజులు కూర్చుని ఇంజనంతా విప్పి బిగించి, తెల్ల రంగు వేయించి, పండక్కి కొత్త బట్టలు తెచ్చినట్టు తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. మా అత్తగారు పెద్దింట్లమ్మ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించింది.

మాఘంలో, ఫాల్గుణంలో బాగానే తిరిగింది. చైత్రం వెళ్ళేసరికి దానికి రోగం పట్టుకుంది.

రోడ్డు మీద పరిగెత్తినంతసేపూ ఏ లోటూ ఉండేది కాదు. రాజమండ్రి వెళ్ళినా, కాకినాడ వెళ్ళినా గుర్రంలా పోయేది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసినా బాగానే ఉండేది. ఇంజన్ వేడెక్కి, ఎక్కడైనా బండి నెమ్మదించి, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మాత్రం, మలేరియా జ్వరం వచ్చినవాడిలా ఒళ్ళంతా వణికేది. డుగుడుగుమని, మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయి, మళ్ళీ అందుకోబోయి, అందుకోలేక ఆగిపోయేది. మెకానిక్‌లు దాన్ని స్లోలో నిలబడటం లేదంటారు.

ఇంకే కారుకైనా అదొక చిన్న జబ్బు. పెళ్ళికారుకి అదే ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. ఊరేగింపులో కారు బ్యాండుమేళం వెనకాల నడవాలి. వాళ్ళు ఒక పాట వాయిస్తూ అక్కడే నిలబడితే కారూ అక్కడే నిలబడాలి. పూలదండలు కట్టిన కారు, లోపల కొత్త దంపతులు, ముందు డాన్సు కట్టే కుర్రాళ్ళు. అలా నెమ్మదిగా పాకలేని కారు ఎంత తెల్లగా ఉంటే ఏం లాభం?

వైశాఖంలో మా పిన్ని కూతురు దుర్గాశ్రీ పెళ్ళయింది. పెళ్ళికొడుకుది మురమళ్ళ దాటాక ఒక ఊరు. మర్నాడు పొద్దున్న పెళ్ళికూతుర్ని అత్తవారింటికి తీసుకెళ్ళడానికి మా కారే. చుట్టరికం కూడా కాబట్టి నేనూ వెళ్ళాను. ఊరి మొదట్లో మేళం కలిసింది. అక్కణ్ణించి ఇంటిదాకా ఊరేగింపు. ఆడవాళ్ళం కారు పక్కన నడుస్తున్నాం. పది గజాలు వెళ్ళిందో లేదో కారు వణికింది. మా ఆయన కాలితో ఎలాగో బతికించుకున్నారు. ఇంకాస్త వెళ్ళాక ఆగిపోయింది. స్టార్ట్ చేశారు. మేళం వాళ్ళు కదిలారు. కారు ఒక్క గెంతు గెంతి మళ్ళీ ఆగింది. అద్దంలోంచి నాకు ఆయన మెడ వెనక చెమట కనిపిస్తోంది. చొక్కా అంతా వీపుకి అంటుకుపోయింది. ఆయన ఒక కాలితో యాక్సిలరేటరు తొక్కి ఉంచాలి, అదే కాలితో బ్రేకూ తొక్కాలి. ఎంత నేర్పున్నవాడైనా అదెంతసేపు చెయ్యగలడు?

వీధి మలుపులో ఇంక స్టార్ట్ కానంది. పెళ్ళికొడుకు స్నేహితులు నవ్వుకుంటూ వెనక చేరి తోశారు. కాసేపటికి పెళ్ళికొడుకు కూడా కూర్చోలేక దిగిపోయాడు. దుర్గాశ్రీ ఒక్కతీ లోపల, మెడలో దండతో, తల వంచుకుని. ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. నేను ఆ చూపు తప్పించుకుని మేళం వైపు చూశాను.

ఇంటి ముందు హారతి పళ్ళెంతో పెళ్ళికొడుకు పెద్దమ్మ భవానీదేవిగారు నిలబడి ఉన్నారు. ఆవిడ గట్టిగా అన్నా బాగుండేది. పక్కావిడతో మెల్లిగా అన్నారు: "గడపలో కాలు పెట్టకముందే ఇన్నిసార్లు ఆగిందంటే, ఏంటోనండి, నాకు మనసు మనసులో లేదు."

ఆ మాట మా ఆయన విన్నారు.

ఆ మర్నాటి నుంచి మొదలైంది వైద్యం. ముందు ప్లగ్గులు మార్చారు. ఆ రోజు సాయంత్రం దాకా ఇంజన్ చక్కగా ఆడింది. మేం రాత్రి హాయిగా పడుకున్నాం. పొద్దున్నకి మళ్ళీ మామూలే. మా వీధిలో భాస్కరరావుగారని బస్సు డ్రైవరుగా చేసి రిటైరయినాయన ఉన్నారు. ఆయన వచ్చి విని, పెట్రోల్లో నీళ్ళున్నాయన్నారు. టాంకు మొత్తం దింపి, నా పాత చీర ముక్కతో వడగట్టి మళ్ళీ పోశారు. రెండు రోజులు బాగుంది. తరవాత పాయింట్లు మార్చారు, కాయిలు మార్చారు, వైర్లు మార్చారు. దేనికది ఒక పూట పనిచేసేది. అసలు బాగవకపోయినా బాధ లేకపోను. ఆ బండి మమ్మల్ని ఆశపెట్టి చంపేది.

కార్బరేటరునైతే ఎన్నిసార్లు విప్పారో. నేను పచ్చడి కలుపుకునే పళ్ళెంలో దాని సామాను పరిచి, ఒక్కో చిన్న కన్నాన్నీ నోటితో ఊది, మళ్ళీ బిగించేవారు. బిగించిన ప్రతిసారీ పళ్ళు కొరుక్కుంటూ ఇంకాస్త గట్టిగా బిగించేవారు. ఇల్లంతా పెట్రోలు వాసన. పాలల్లో పెట్రోలు వాసన, పరుపుల్లో పెట్రోలు వాసన. "నా కొడుకు అన్నం ముద్ద కూడా స్పానరుతో తినేలా ఉన్నాడు," అనేది మా అత్తగారు.

మా తమ్ముడు రెండు ఆదివారాలు వచ్చి చూశాడు. వాడొచ్చినప్పుడల్లా ఆ దిక్కుమాలిన కారు బుద్ధిమంతురాలిలా నిలబడేది. డాక్టరు రాగానే జ్వరం తగ్గినట్టు. వాల్వులు చూశాడు, బాగున్నాయన్నాడు. ఇంకేదో ఉంది, నాలుగు రోజులు షెడ్డులో వదిలెయ్యండి, వేడి మీద, చల్లటి మీద, అన్ని విధాలా చూస్తానన్నాడు. ఎలా వదులుతాం? ముహూర్తాలున్నదే ఆ నాలుగు రోజులు. తీసుకున్న బయానాలు ఎలా తిరిగిస్తాం? రేపు, ఎల్లుండి అంటూ మా ఆయన జరుపుతూ పోయారు. ఈలోగా ఒప్పుకున్నవాళ్ళే ఒక్కొక్కరూ వచ్చి, మావాళ్ళ కారు దొరికిందండీ, ఏమీ అనుకోకండీ అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయేవారు. మురమళ్ళ అవతల జరిగింది ముమ్మిడివరం దాకా, అమలాపురం దాకా పాకింది.

జ్యేష్ఠంలో ఒక రోజు ఆయన కొత్తపేట కార్ల స్టాండు నుంచి మొహం ఎర్రగా చేసుకుని వచ్చారు. కారెక్కమన్నారు. యాక్సిలరేటరు తొక్కడానికి నేను కావాలి కాబట్టి, ఎక్కడికి, ఎందుకు అని అడక్కుండా ఎక్కాను. రావులపాలెంలో అరటిగెలల లారీలు తప్పించుకుంటూ వెళ్ళి మా తమ్ముడి షెడ్డు ముందు ఆపారు. నన్ను డ్రైవరు సీటులోకి జరగమని, ఇంజన్ ఆగనివ్వొద్దని చెప్పి దిగారు.

షెడ్డు ముందు బల్ల మీద లారీ డ్రైవర్లు టీలు తాగుతున్నారు. మా తమ్ముడు ఒక జీపు కింద నుంచి బయటికి వచ్చి, "రండి బావగారూ, అక్కా బాగున్నావా," అంటూ చేతులు తుడుచుకుంటున్నాడు.

"రమణా, ఒకటడుగుతాను. నిజం చెప్పు," అన్నారు మా ఆయన. "డాక్టరుగారి కార్బరేటరు తీసి ఏ బండికి వేసేవు?"

టీ తాగేవాళ్ళు గ్లాసులు దించారు.

మా తమ్ముడు ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నా కాలు యాక్సిలరేటరు మీద ఉంది. దిగి వాళ్ళిద్దరి మధ్యకి వెళ్ళాలని ఉంది. కాలు తీస్తే ఇంజన్ ఆగిపోతుంది. ఆగనివ్వొద్దని చెప్పారు. చదువు రాని పిల్లలా అలాగే తొక్కుతూ కూర్చున్నాను.

"అక్క ముందు అన్నారు కాబట్టి నేనేమీ అననండి," అన్నాడు వాడు. వాడి గొంతు మామూలుగానే ఉంది. "బండి ఇంక ఇక్కడికి తేకండి."

మళ్ళీ జీపు కిందకి వెళ్ళిపోయాడు.

దారిలో నేను అడిగాను, ఆ మాట ఎవరు చెప్పారని. స్టాండులో ఎవరో అన్నారట, పాత ఇంజన్ విప్పినప్పుడు మెకానిక్‌లు మంచి సామాను తీసి పాతది వేస్తారని, బావమరిదైనా బాబాయైనా ఒకటేనని. ఎవరో అన్నారని మీరు అనేశారా అంటే, "నీకు నీ తమ్ముడే ఎక్కువ," అన్నారు. ఆ వేసవంతా నేను విన్న మాటల్లో నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది అదే. ఎవరు ఎక్కువ అని ఎవరడిగారు? నాకు కావలసింది వాళ్ళిద్దరూ ఆ ఇంజన్‌తో మాట్లాడే మాటల్లో సగమైనా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం.

మా తమ్ముడు ఇంక రాలేదు. మా అమ్మ మాత్రం ఒకసారి వచ్చి, పనసపండు ఇచ్చి, మంచినీళ్ళు తాగి, ఆ సంగతి కదపకుండా వెళ్ళిపోయింది. మా అత్తగారు మా తమ్ముణ్ణి వెనకేసుకుని వస్తుందని నేననుకోలేదు. కానీ ఒక మధ్యాహ్నం కొడుక్కి అన్నం వడ్డిస్తూ, "ఆ పిల్లాడు నెల రోజులు తిండి మానేసి ఈ కారు బాగు చేసేడు. దొంగతనం చేసేవాడు అంత కష్టపడడురా," అంది. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. వెంటనే బానెట్ ఎత్తారు.

"సూర్యావతీ, రా," అని కేక వినిపించింది. వెళ్ళి కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన కోపంతో పనిచేస్తున్నారు. ఆకలితో కూడా. తొక్కు, వదులు, తొక్కు, వదులు. ఇంజన్ తిరుగుతుండగానే స్పానరు పెట్టి కార్బరేటరు నట్లు బిగిస్తున్నారు. వదులు అన్నారు. వదిలాను. కారు ఒళ్ళు విదిల్చుకున్నట్టు వణికింది. స్పానరు జారింది. పడిపోతుంటే పట్టుకోబోయారు. ఫ్యాను చప్పుడు మారింది.

ఆయన అరవలేదు. బానెట్ పక్కకి వచ్చి, కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డారు. మోచేతి మీదుగా రక్తం కారుతోంది. నేను దిగబోతే, "దిగకు, ఆగిపోతుంది," అన్నారు.

మా అత్తగారు తువ్వాలు తెచ్చి చుట్టింది. భాస్కరరావుగారు ఊళ్ళో లేరు. కాలవ గట్టు మీద ఆ ఎండలో ఒక్క ఆటో లేదు. ఆయన వచ్చి నా పక్క సీట్లో కూర్చుని, "క్లచ్చి తొక్కు," అన్నారు.

నేను అంతకు ముందు ఎప్పుడూ కారు నడపలేదు. నాకు తెలిసింది ఒక్క యాక్సిలరేటరు. అంబాసిడర్‌కి గేరు కర్ర స్టీరింగు పక్కనే, ఎడమ వైపు ఉండేది. ఆయన తువ్వాలు చుట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడమచెయ్యి అడ్డంగా చాచి గేరు వేశారు. నేను స్టీరింగు పట్టుకున్నాను. కారు కదిలింది. వెనక సీట్లో మా అత్తగారు దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచింది.

ఒక పక్క కాలవ. ఇంకో పక్క కొబ్బరి దుంగల పోగులు. నేను అనుకున్నదల్లా ఒకటే, యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకూడదని. తీస్తే ఆగిపోతుంది, ఆగితే ఎవరు స్టార్ట్ చేస్తారు? వంతెన దగ్గర ఎదురుగా కాయల లారీ అడ్డం వచ్చింది. ఆగాలి. ఎడమ కాలు క్లచ్చి మీద ఉంది, కుడి కాలు యాక్సిలరేటరు మీద ఉంది, బ్రేకుకి మూడో కాలు లేదు. క్లచ్చి తొక్కేసి, హారను మీద చెయ్యి ఎత్తకుండా మోగించాను. లారీవాడు నా మొహం చూసి ఏమనుకున్నాడో, వెనక్కి తీశాడు.

కొత్తపేటలో ఆసుపత్రి ఆవరణలోకి తీసుకెళ్ళి రెండు కాళ్ళూ ఎత్తేశాను. కారు ఒక గెంతు గెంతి ఆగిపోయింది. ఆయన నొప్పితో కళ్ళు మూసుకుని, "అంత దూరం రెండో గేరులో తెచ్చేవు. ఇంజన్ ఏమైపోవాలి," అన్నారు.

"ఇంజనేమైపోతే నాకేంటండీ?" అన్నాను. "ఇప్పటికి ఏమేం పోయేయో అది చూసుకోండి."

పెళ్ళయ్యాక ఆయనతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన కళ్ళు తెరిచి చూశారు. లోపల కుట్లు వేశారు. ఉంగరపు వేలి చివర పోయింది. మిగతావి దక్కాయి. ఆ చెయ్యి మళ్ళీ గట్టిగా స్టీరింగు పట్టడానికి దసరా దాటింది. శ్రావణంలో పెళ్ళిళ్ళకి కారు నడిపింది నేనే. ఆడమనిషి నడుపుతుందా అని మొదట్లో నీళ్ళు నమిలినవాళ్ళే తరవాత నేనే రావాలని అడిగేవారు, పెళ్ళికూతుళ్ళకి లోపల ధైర్యంగా ఉంటుందని. కానీ అది తరవాతి సంగతి. అప్పటికింకా కారు బాగవలేదు.

కట్టు కట్టిన చేత్తో మా ఆయన ఇంట్లో ఉండలేకపోయారు. పొద్దున్న లేచి కారు చుట్టూ తిరగడం, అరుగు మీద కూర్చోవడం, మళ్ళీ లేవడం. వారం గడిచాక నా దగ్గరికి వచ్చి, "ఆ నట్లు ఒకసారి చూస్తావా," అన్నారు. ఆయన నన్ను అడగటం, అదీ అంత మెల్లిగా అడగటం, నాకు కొత్త.

ఆయన డ్రైవరు సీటులో కూర్చున్నారు. నేను చీర కొంగు గట్టిగా దోపుకుని బానెట్ కింద వంగాను. లోపల పొయ్యిలోకి తల పెట్టినట్టు ఉంది. "తొక్కండి," అన్నాను. తొక్కారు. "వదలండి," అన్నాను. వదిలారు. ఇంజన్ వణకడం మొదలెట్టింది. ఆ చప్పుడు ఇంతకాలం నేను సీటులో కూర్చుని విన్నదే. దగ్గరగా వింటే దానిలో ఇంకో చప్పుడు కూడా ఉంది. ఈల కాదు, బుస కాదు, నిద్రలో పళ్ళ సందునించి ఊపిరి పీల్చినట్టు.

కార్బరేటరు కింద నట్లు వెనక వైపున్నాయి. చెయ్యి పెడితే కాలిపోతోంది. వంటింట్లోంచి మసిగుడ్డ తడిపి తెచ్చి, అది అడ్డం పెట్టి లోపలికి చెయ్యి పోనిచ్చాను. తడిగుడ్డ కార్బరేటరు మొదటికి తగలగానే ఇంజన్ కుదురుకుంది. వణుకు లేదు, దెబ్బ తప్పడం లేదు.

"ఏం చేసేవు?" అన్నారాయన సీటులోంచి.

"ఏమీ చెయ్యలేదండి."

గుడ్డ తీశాను. వణికింది. పెట్టాను. కుదురుకుంది. ఆయన దిగి వస్తే ఇంజన్ ఆగిపోతుందేమోనని ఇద్దరం భయపడ్డాం. కానీ గుడ్డ ఉన్నంతసేపూ ఎవరి కాలూ అవసరం లేకుండా అదే ఆడింది. ఆయన వచ్చి నా పక్కన వంగి నిలబడ్డారు. నేను గుడ్డ కాస్త జరిపి, చిటికెన వేలు ఆ సందులోకి పోనిచ్చాను. వేలి కొసని లోపలికి లాగుతోంది.

"ఇక్కడ గాలి పీలుస్తోందండి," అన్నాను.

చల్లారాక విప్పాను. కార్బరేటరుకీ ఇంజన్‌కీ మధ్య వేసే మందపాటి నల్ల ప్యాకింగ్ అది. వెనక వైపు, కంటికి కనిపించని చోట, సన్నగా చీలి ఉంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడికి తెరుచుకునేది. కార్బరేటరుకి ఏ రోగమూ లేదు. డాక్టరుగారి దగ్గర ఎలా ఉందో అలాగే ఉంది.

ఆయన ఆ ముక్కని ఎడమచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. మొదట్లోనే మా తమ్ముడి చేతిలో చీలిందో, డాక్టరుగారి కాలంలోనే చీలి ఉందో, ఈ వేసవంతా పళ్ళు కొరుక్కుంటూ బిగించిన బిగింపుకి చీలిందో చెప్పడానికి లేదు. నాకొక అనుమానం ఉంది. ఆయనకీ ఉందని ఆయన మొహం చూస్తే తెలిసింది.

అమలాపురంలో కొత్త ప్యాకింగ్ దొరికింది. నేనే బిగించాను. ఇంకా బిగించు, ఇంకా, అని ఆయన అంటూనే ఉన్నారు. నాకు చాలనిపించిన చోట నేను ఆపేశాను. స్టార్ట్ చేస్తే కారు నిలబడింది. అరగంట నిలబడింది, ఎండలో నిలబడింది. మా అత్తగారు బయటికి వచ్చి, ఇంజన్ ఆడుతోందా లేదా అని నన్నడిగింది. అప్పటికి ఆషాఢం వచ్చేసింది. ఇంక నెల రోజుల దాకా పెళ్ళిళ్ళు లేవు. సీజనంతా ఏడిపించి, ఇప్పుడు ఖాళీ వాకిట్లో అంత చక్కగా ఆడుతున్న ఆ కారుని చూస్తే నాకు దాన్ని కర్రతో కొట్టాలనిపించింది.

ఆషాఢమంతా ఆయన నాకు డ్రైవింగు నేర్పారు. కాలవ గట్టు మీద, ఖాళీ రోడ్ల మీద. మంచి గురువు కాదు. ఒక సాయంత్రం గేరు మార్చడం కుదిరాక, "రావులపాలెం పోనీ," అన్నారు. నేను ఆయన వైపు చూడకుండా పోనిచ్చాను.

షెడ్డు ముందు ఆపాను. ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆయన దిగలేదు. మా తమ్ముడు లోపల ఏదో టైరు దగ్గర కూర్చుని ఉన్నవాడు చప్పుడు విని తలెత్తాడు. స్టీరింగు దగ్గర నన్ను చూసి లేచాడు. దగ్గరకి వచ్చి, మమ్మల్ని పలకరించకుండా, కారు ముందు నిలబడి విన్నాడు. బానెట్ ఎత్తి విన్నాడు. మా ఆయన అప్పుడు దిగి ఇంకో పక్క నిలబడ్డారు. ఆయనా వింటున్నారు. ఆ చప్పుడు ఎంత చక్కగా ఉందంటే, వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేకుండా చీకటి పడేదాకా దాన్నే వింటూ నిలబడగలరు. కాసేపు చూశాను. మా తమ్ముడు ఒక స్క్రూ మీద వేలు పెట్టి, తిప్పకుండానే తీసేశాడు. మా ఆయన గొంతు సవరించుకుని, మళ్ళీ ఇంజన్ వైపే చూశారు.

నేను తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను.

ఇద్దరూ ఉలిక్కిపడి నా వైపు చూశారు. హైవే మీద ఏదో లారీ వెళ్ళింది. అది వెళ్ళాక వినడానికి ఇంకేమీ లేదు. మా తమ్ముడు అప్పుడు చూశాడు ఆయన చెయ్యి.

"చేతికేమైంది బావగారూ?"

"ఫ్యానులో పెట్టేను."

"ఎందుకు పెట్టేరండి?"

మా ఆయన ఆ చేతిని ఎడమచేత్తో కప్పుకున్నారు. "నువ్వు లేక," అన్నారు.

క్షమించమన్న మాట కోసం నేను ఆ సీటులో ఇంకాసేపు ఎదురుచూశాను. అది రాలేదు. ఇన్నేళ్ళయినా రాలేదు. అంత మాట అంత తేలిగ్గా అనగలిగిన మనిషికి ఈ మాట ఎందుకంత బరువో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ మా తమ్ముడికి ఆ రెండు ముక్కలూ చాలినట్టున్నాయి. బానెట్ దించి, లోపలికి వెళ్ళి, ఒక స్టూలు తెచ్చి, గ్రీజు మరకలు తుడిచి ఆయన ముందు వేశాడు.

"కూర్చోండి బావగారూ. టీ చెప్తాను," అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు దిగవేంటక్కా?" అన్నాడు.

తలుపు తీసుకుని దిగాను.